వెనక్కి తీసుకున్న మాట

బాలినస్లో
12 ఏప్రిల్ 1973

నోనీకి,

ఈ వారంలో ఎన్ని కప్పుల టీ తాగానో నాకే తెలీదు. ఈ హోటల్ గదిలో కూలబడి, కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని రాస్తున్నాను. పెద్దల సభకు జనం ఓటెయ్యరు గదా, ఊరూరి కౌన్సిలర్లు వేస్తారు. వాళ్ళేమో దేశమంతా చెల్లాచెదురుగా ఉంటారు. ఒక్కొక్కరి వంటింట్లో కూర్చుని, వాళ్ళ కుక్కను మెచ్చుకుని, వాళ్ళావిడ చేసిన సోడా రొట్టె రెండు ముక్కలు తిన్నాక గానీ ఓటు మాట ఎత్తకూడదు. నిన్న ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మీకు నోరు కాస్త ఎక్కువంట గదమ్మా, సెనేటరుగారూ?"

"ఉన్నది ఒక్కటేనండీ. పన్నెండేళ్ళ నుంచీ దాంతోనే నెట్టుకొస్తున్నా."

"పోయినేడు సభలో మంత్రిని పట్టుకుని పొగరాని పొయ్యి అన్నారట?"

"పొగ బాగానే వస్తుందన్నానండీ. వేడే రాదన్నాను."

ఆయన పడీ పడీ నవ్వి, మొదటి ప్రాధాన్యపు ఓటు నాకేనన్నాడు. ఆ మాట ఇంకెంతమందికి ఇచ్చాడో!

గెలిస్తే నేను మొదట మాట్లాడబోయేది మీ సర్కారీ ఉద్యోగాల ఆడవాళ్ళ సంగతే. వేలికి పెళ్ళి ఉంగరం ఎక్కిన రోజే ప్రభుత్వపు కుర్చీ దిగిపోవాలన్న ఆ దిక్కుమాలిన రూలును ఎత్తేస్తామని కొత్త ప్రభుత్వం అంటోంది. అది పోయాకైనా థేడీ హోనన్ నిన్ను పెళ్ళాడతాడా? పదకొండేళ్ళుగా ఆదివారం టీకి వచ్చి, ఎనిమిది కొట్టగానే సైకిలెక్కి, సముద్రపు పాయ చుట్టూ తిరిగి కారిగ్‌మోర్ వెళ్ళిపోతున్నాడు. పడవలు బాగుచేసే మనిషికి ఒక్క ముడి వెయ్యడం రాదా? ఆయనకు చెప్పు, నేనడిగానని.

నీ అక్క
డీలియా


కిల్‌ఫారన్
19 ఏప్రిల్

అక్కా,

నీ ఎన్నిక గురించి మా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో రోజూ ఏదో ఒకటి చెవిన పడుతూనే ఉంది. ఏం పడిందో మాత్రం చెప్పను. ఇరవై రెండేళ్ళుగా ఈ బోర్డు ముందు కూర్చుని ఊరందరి మాటలూ కలుపుతున్నాను. చెవిన పడ్డదేదీ నా పెదవి దాటలేదు. మన ఇద్దరినీ పుట్టించేటప్పుడు దేవుడు నోరంతా నీకిచ్చి, చెవులు నాకిచ్చినట్టున్నాడు.

మొన్న గురువారం కొండమీది షీహన్ల ఇంటి నుంచి ఫోను. పెద్ద కోడలికి నొప్పులు. డాక్టరు ఇంట్లో లేడు. గురువారం మధ్యాహ్నాలు ఆయన ఎక్కడ పేకాడతాడో ఆయన భార్యకు తెలీదు గానీ నాకు తెలుసు. అక్కడికి లైను కలిపాను. "ఇక్కడెవరూ డాక్టరు లేరండీ," అని ఒక గొంతు.

"అలాగేనండీ. లేని ఆ డాక్టరుగారితో, షీహన్ల కోడలికి బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పండి," అన్నాను.

పావుగంటలో ఆయన కారు కొండెక్కింది. మగపిల్లవాడు. తొమ్మిది పౌన్లు. అక్కా, ఈ పని నాకెంత ఇష్టమో నీకెప్పుడూ చెప్పలేదు.

థేడీ సంగతి నాకు వదిలెయ్.

నోనీ


డబ్లిన్
4 మే

నోనీకి,

గట్టెక్కాను! చివరి లెక్కింపుదాకా ఊపిరి బిగబట్టి, ఆఖరి కుర్చీలో పడ్డాను. ఏ కుర్చీ అయితేనేం, లేచి నిలబడటానికి!

బిల్లు జులైలో మా సభకు వస్తుంది. ఇప్పటి నుంచే కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. అంకెలు చెబితే మా సెనేటర్లు ఆవులిస్తారు. మనిషిని చూపిస్తే తలెత్తుతారు. నిన్ను చూపించనా? పేరు చెప్పనులే. 'ఉద్యోగం మీది ప్రేమతో పెళ్ళి మానుకుని, నచ్చినవాణ్ణి పదకొండేళ్ళుగా గుమ్మంలోనే నిలబెట్టిన ఒక స్త్రీ' అంటాను. ఎంత బాగుంటుందో చూడు. వెంటనే జవాబు రాయి.

డీలియా


కిల్‌ఫారన్
13 మే

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. రెండుసార్లు జవాబు రాసి చింపేశాను. నువ్వు చెప్పమన్నది అబద్ధం. నువ్వు సభలో నిలబడి అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు, అది అబద్ధమని నీకు తెలియకపోయినా సరే.

నేను పెళ్ళి మానుకోలేదు. థేడీ నీకు నాలుగేళ్ళుగా మరిది.

కూర్చున్నావా? నీళ్ళు తాగు. పందొమ్మిది వందల అరవై తొమ్మిది సెప్టెంబరులో నేను లూర్దు మాత యాత్రకు వెళ్ళాననుకున్నారు మీరంతా. అదే వారం థేడీ పడవ ఇంజనుకు ఏదో సామాను కోసం ఇంగ్లండు వెళ్ళాడనుకున్నారు. మేమిద్దరం లివర్‌పూల్‌లో దిగాం. అక్కడి చర్చిలో ఒక ముసలి ఫాదరు, చూపు సరిగా ఆనని ఆయన, మాకు పెళ్ళి చేశాడు. సాక్షులుగా పక్కవీధిలో చేపలమ్మే దంపతులను పిలుచుకొచ్చాం. పెళ్ళి భోజనం కూడా వాళ్ళ చేపలే. నీ బల్లమీద ఇన్నాళ్ళూ భద్రంగా పెట్టుకున్న లూర్దు తీర్థం ఉందే, అది లివర్‌పూల్ కుళాయి నీళ్ళు. క్షమించు.

ఎందుకంటావా? ఆయనకు నలభై, నాకు ముప్ఫై ఏడు. ఎన్నాళ్ళని ఆగుతాం? పెళ్ళి బయటపెడితే సోమవారానికల్లా నా కుర్చీలో ఇంకో అమ్మాయి. "నీకా బోర్డంటే ప్రాణం. అది తీసేసుకుంటే నాకు దక్కేది సగం నోనీ. నాకు సగం వద్దు," అన్నాడు థేడీ. అందుకని ఊరికి మాత్రం పాత పద్ధతే. ఆదివారం టీ. ఎనిమిదింటికి ఉంగరం జేబులో వేసుకుని సైకిలు. ఫాదర్ మొలోనీ అయితే, "థేడీ, నువ్వు పెళ్ళికి అడిగే లోపల నేను రిటైరైపోతానేమోనయ్యా," అని ఎప్పుడూ ఎగతాళి. థేడీ తలొంచుకుని నవ్వుతాడు. నాలుగేళ్ళుగా కట్టుకున్న భార్య గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తారా, మిస్టర్ హోనన్" అని వీధికి వినబడేలా అంటుంటే, తల వంచుకుని వెళ్ళే మగవాణ్ణి ఎక్కడైనా చూశావా? ఆయనకు నీకున్నంత నోరు లేదు గానీ గుండె మాత్రం ఉంది.

ఇది నీకొక్కదానికే చెబుతున్నాను. నీ ఉపన్యాసానికి నేను పనికిరాను. ఇంకెవరినైనా చూసుకో.

నోనీ


డబ్లిన్
16 మే

ఓసి నా నోనీ,

గట్టిగా నవ్వేసరికి పక్కగదిలోంచి సెనేటర్ ఒకాయన వచ్చి తలుపు కొట్టాడు. ఆ తర్వాత కాసేపు ఏడ్చాను, అది ఎవరికీ వినపడలేదు. అమ్మ పోయినప్పుడు నీకు ఏడేళ్ళు. నీ జడలు వేసింది నేను, నీ తలలో పేలు దువ్వింది నేను. నీ పెళ్ళికి మాత్రం చేపలమ్మేవాళ్ళు నిలబడ్డారు. కోపం లేదు, కాస్త అసూయ, అంతే.

ఆ తీర్థంతో నాకు రెండుసార్లు రొంప తగ్గింది, తెలుసా? లివర్‌పూల్ నీళ్ళకు మహిమ ఉన్నట్టుంది.

నా మరిదికి చెప్పు, ముడి వెయ్యడం రాదన్న మాట వెనక్కి తీసుకున్నానని. సభలో ఒక్కసారి కూడా ఈ పని చెయ్యలేదు నేను. ఎంతమంది అధ్యక్షులు అడిగినా సరే. నీ రహస్యం నా దగ్గర గోరీలో ఉన్నట్టే.

నీ అక్క


డబ్లిన్
6 జులై

నోనీకి,

బుధ, గురువారాలు బిల్లు మీద చర్చ జరిగింది. పేపర్లలో నా పేరు కనిపిస్తే కంగారు పడకు. సెనేటర్ ఆంబ్రోస్ ట్విస్ అని ఒక లాయరున్నాడు. మీసం దువ్వుకుంటూ, "పెళ్ళైన ఆడదాని మనసు ఆఫీసులో ఉన్నా పొయ్యిమీది పాలమీదే ఉంటుంది," అన్నాడు. నేను లేచి, "మీ ఇంట్లో పాలు పొంగితే దించడం మీకు రాదని దేశమంతా ఎందుకు బాధపడాలండీ?" అన్నాను. గ్యాలరీ గొల్లున నవ్వింది. మాటామాటా పెరిగింది. చివరికి ఆయన్ను పిరికిపంద అన్నాను. అధ్యక్షుడు ఆ మాట వెనక్కి తీసుకోమన్నాడు.

"తీసుకోనండీ. అది ఆయనకు కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది," అన్నాను.

బయటికి పంపారు. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా మాట్లాడటానికి నన్ను పిలవడట. పిలవకపోతే పోనీ. బిల్లు ఎలాగూ గట్టెక్కుతుంది.

ఇంకా ఏవేవో మాట్లాడాను, వేడిమీద అన్నీ గుర్తుండవు కదా. అక్కడ వర్షాలు ఎలా ఉన్నాయి? థేడీ కొత్త పడవ నీళ్ళలో దిగిందా?

డీలియా


కిల్‌ఫారన్
9 జులై

సెనేటరుగారికి,

మీకు గుర్తులేనివి పేపరులో ఉన్నాయి. కత్తిరించి పంపుతున్నాను.

"పడమటి తీరాన నాకు తెలిసిన ఒక స్త్రీ ఉంది. పెళ్ళై నాలుగేళ్ళయింది. అయినా ఈ ప్రభుత్వానికి భయపడి, ప్రతి ఆదివారం మొగుడికి టీ ఇచ్చి, ఎనిమిది కొట్టగానే పరాయివాడిలా సైకిలెక్కించి పంపిస్తుంది. ఆయన ఉంగరం జేబులో వేసుకుని ఊరు దాటుతాడు." సభలో నవ్వులు, అని బ్రాకెట్లో ఉంది.

శనివారం పొద్దున ఈ పేపరు మా పోస్టాఫీసు నడిపే మిసెస్ లిల్లిస్ బల్లమీద ఉంది. పడమటి తీరాన ఆదివారం ఎనిమిదింటికి సైకిలెక్కేవాళ్ళు ఎంతమంది ఉన్నారంటావు? మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. ఈ రోజు లిమరిక్‌లోని మా పెద్దాఫీసు నుంచి ఒక కవరు వచ్చింది. నేను వివాహితనా కాదా, అయితే ఏ తేదీ నుంచి, రాతపూర్వకంగా తెలపాలట. వివాహితనైతే ఆ తేదీ నుంచే రాజీనామా చేసినట్టు లెక్కట. నాలుగేళ్ళ కిందే నేను లేను, అక్కా. షీహన్ల పిల్లాడికి డాక్టరును పిలిచింది ఎవరో మరి.

నవ్వులు, అని రాశారు. ఎంతసేపు నవ్వారో రాయలేదు.

హొనోరా


డబ్లిన్
11 జులై

నోనీ,

ఈ ఉత్తరం మూడోది. మొదటిదాంట్లో నన్ను నేను సమర్థించుకున్నాను. పేరు చెప్పలేదు కదా, మంచి పనికోసమే కదా అని. చదువుకుంటే సభలో ట్విస్ మాట్లాడినట్టే ఉంది. పొయ్యిలో వేశాను. రెండోదాంట్లో ఏడుపు ఎక్కువైంది. అదీ వేశాను.

జరిగింది జరిగినట్టు చెబుతాను. నేను లేచేటప్పటికి నీ కథ చెప్పాలని లేదు. అంకెలు చదువుతున్నాను. ఇద్దరు నిద్రపోతున్నారు. ఒకాయన గడియారానికి కీ ఇచ్చుకుంటున్నాడు. పన్నెండేళ్ళుగా నాకు తెలిసిన ఒకే విద్య, నిద్రపోయేవాళ్ళను లేపడం. నోరు దానంతటదే పనిచేసింది. వాళ్ళు నవ్వారు, లేచి కూర్చున్నారు. నాకు, దేవుడు క్షమించాలి, సంతోషం వేసింది. అప్పుడు ట్విస్ అన్నాడు: "అయితే ఆవిడ నాలుగేళ్ళుగా ప్రభుత్వాన్ని మోసం చేస్తోందన్నమాట. దమ్ముంటే పేరు చెప్పండి." అప్పుడు తెలిసొచ్చింది, నేనేం చేశానో. పిరికిపంద అన్నది అందుకు, ఎదుట లేని మనిషి మీద పడ్డాడని. అన్నది ఆయన్నే గానీ, ఆ మాట సగం నాకే తగులుతుంది. నీకు రాసిన ఉత్తరంలో ఆ ముక్క దాచిపెట్టి, వర్షాల గురించి అడిగానే, అప్పుడు మిగతా సగం కూడా తగిలింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని అమ్మ అంటుండేది. నీకు గుర్తుండకపోవచ్చు, చిన్నదానివి. నన్నే అనేది ఎప్పుడూ.

తప్పు నాది. క్షమించమని అడగను. ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను. నోరు మూసుకోమంటే అదీ చేస్తాను.

డీలియా


కిల్‌ఫారన్
14 జులై

అక్కా,

నా కోపం తగ్గలేదు. అయినా పని పనే, జరిగింది రాస్తున్నాను. నీకు పనికొస్తుంది.

లిమరిక్ కవరుకు జవాబిచ్చాను. ఏం రాయాలని థేడీని అడిగితే, "ఉన్నది రాసెయ్. నాలుగేళ్ళుగా ఉంగరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నా, నా జేబుకు చిల్లు పడింది," అన్నాడు. ఒకే వాక్యం రాశాను: 'అవును, 1969 సెప్టెంబరు 16 నుంచి; నేటి వరకు ఒక్క రోజు కూడా పని ఎగ్గొట్టలేదు.' ఉంగరం పెట్టుకుని బోర్డు ముందు కూర్చున్నాను. మిసెస్ లిల్లిస్ నా చెయ్యి చూసి, "నేను విధవరాలిని గనక నాకు ఉద్యోగం ఉంచారు. నీకేమో మొగుడు బతికున్నాడని తీసేస్తారా? ఇదెక్కడి న్యాయమే?" అని, టీలో రెండు చెంచాల చక్కెర వేసి ఇచ్చింది.

నిన్న లిమరిక్ నుంచి మా శాఖ ఇన్‌స్పెక్టర్ ప్రెండర్‌గాస్ట్ స్వయంగా వచ్చాడు. మర్యాదస్థుడే. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మిస్ కన్సిడైన్... అంటే, మిసెస్... మీరు లేచి రావాలండీ."

"లేస్తాను. ఎవరు కూర్చుంటారు?"

"మనిషిని పంపుతారు."

"ఎప్పుడు?"

"జులై కదండీ, అందరూ సెలవుల్లో ఉన్నారు. నెలాఖరుకి..."

"అందాకా ఈ బోర్డు ఎవరు చూస్తారు? మీరు కూర్చుంటారా?"

పాపం, కూర్చున్నాడు. రూలు ప్రకారం చెయ్యాలన్న పట్టుదల గల మనిషి. నేను పక్కన నిలబడ్డాను. వేసవి విహారానికి వచ్చినవాళ్ళతో హోటళ్ళు నిండి ఉన్నాయి, తెలుసు గదా. ఐదు నిమిషాల్లో బోర్డు మీద పదిహేను పిలుపుల దీపాలు వెలిగాయి. గొడ్ల డాక్టరును మఠంలోని పెద్ద సిస్టరుకు కలిపాడు. ఆవిడ ఆయన చెప్పిన ఆవు సంగతంతా ఓపికగా విని, "ప్రార్థన చేస్తాం నాయనా," అందట. కారిగ్‌మోర్ లైఫ్‌బోటువాళ్ళ దీపం వెలిగేసరికి నేనింక ఊరుకోలేదు. ఆయన చేతిలోంచి తీగ లాక్కుని కలిపాను. రెండు ఇంగ్లీషు కుటుంబాలు ఉన్న పడవ రాళ్ళ దగ్గర ఇంజను ఆగి నిలబడిపోయింది. తీరంలో ఎవరి దగ్గర తిరిగే పడవ ఉందో, వాళ్ళు ఆ వేళకు ఎక్కడుంటారో నాకు తెలుసు. నాలుగు లైన్లు కలిపాను. ఇరవై నిమిషాల్లో అందరినీ ఒడ్డుకు చేర్చారు. తీసుకొచ్చిన రెండు పడవల్లో ఒకటి థేడీది.

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి, టోపీ తీసుకున్నాడు.

"మిసెస్ హోనన్, నేను ఉన్నదే రాస్తాను. ప్రత్యామ్నాయం వచ్చేదాకా ఉద్యోగిని విధుల్లో ఉన్నారు, అని. అంతకన్న నా చేతిలో లేదు."

"విధుల్లో ఉన్నారు. ఆ రెండు ముక్కలూ చాలండీ," అన్నాను.

అక్కా, నువ్వు చట్టాలు చదువుతావు. కొత్త చట్టం వచ్చే రోజుకు నేను విధుల్లో ఉంటే, పాత పెళ్ళి పేరు చెప్పి నన్ను తియ్యగలరా? ఏం చెయ్యాలో చెప్పమన్నావుగా. నోరు మూసుకోవద్దు. వెళ్ళి ఈ ప్రశ్న అడుగు. కాకపోతే నిన్ను పిలవరు గదా. పిలవాలంటే ఏం చెయ్యాలో నీకు తెలుసు.

నోనీ


డబ్లిన్
20 జులై

నోనీకి,

వెనక్కి తీసుకున్నాను.

బుధవారం పొద్దున అధ్యక్షుడి గదికి వెళ్ళి చెప్పాను. ఆయన నమ్మలేక కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఏదైనా తిరకాసు ఉందా, సెనేటర్? గతంలో మీ క్షమాపణలు విన్నవాణ్ణి నేను," అన్నాడు. లేదన్నాను. నిజానికి ముందు రాత్రి ఒక తిరకాసు తయారుచేసుకున్నాను. 'సెనేటర్ ట్విస్ పిరికివారు కారు, పిరికితనానికి కాస్త ధైర్యం కావాలి' అని. చాలా బాగుంది. కాగితం చించేశాను.

సభ నిండింది. నేను తలవంచడం చూడటానికి దిగువ సభవాళ్ళు కూడా వచ్చి గోడవార నిలబడ్డారు. లేచి, "ఐదో తేదీన సెనేటర్ ట్విస్‌ను ఉద్దేశించి నేనన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అది అనకుండా ఉండాల్సింది," అన్నాను. అంతే. ట్విస్ లేచి వంగి నమస్కరించాడు. దాంట్లో ఎగతాళి లేదు, ఒట్టు.

ఆ తర్వాత నా సవరణ. రెండు భాగాలు. మొదటిది, చట్టం వచ్చే రోజుకు విధుల్లో ఉన్న ఏ స్త్రీనీ పాత పెళ్ళి సాకుతో తియ్యకూడదు. రెండోది, ఇన్నేళ్ళుగా వెళ్ళగొట్టినవాళ్ళను తిరిగి పిలవాలి.

మంత్రి లేచాడు. సవరణ ఒప్పుకుంటే బిల్లు మళ్ళీ దిగువ సభకు వెళ్ళాలి, వాళ్ళేమో సెలవులకు పెట్టెలు సర్దుకున్నారు, కుదరదన్నాడు. రెండోదాని గురించి తర్వాత ఆలోచిద్దామన్నాడు. మొదటిదాని గురించి, "అలాంటి వారిని వేధించే ఉద్దేశం ప్రభుత్వానికి లేదు," అని గొణిగాడు.

"మంత్రిగారూ, వినపడలేదండీ."

"వేధించే ఉద్దేశం లేదన్నాను."

"ఉద్దేశాలు మారతాయండీ. మీ పార్టీలో ఐతే వారానికొకటి. మాట ఇవ్వండి. చట్టం అమల్లోకొచ్చే రోజుకు విధుల్లో ఉన్న ఏ స్త్రీనైనా, ఆమె పెళ్ళి ఎప్పుడైనదైనా సరే, తియ్యరు. అవునా, కాదా?"

"అవును."

"పూర్తిగా చెప్పండి. పాపం అక్కడ రాసుకునే ఆయన కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు."

నవ్వారు. ఈసారి ఎవరి బతుకు మీదా కాదు. మంత్రి కూడా నవ్వాపుకోలేక, నిలబడి, ఒక్కొక్క ముక్కా చెప్పాడు. సభా పత్రాల్లోకి ఎక్కింది. రెండు నకళ్ళు జత చేశాను. ప్రెండర్‌గాస్ట్‌గారికి ఒకటి, గోడకు ఒకటి.

ఆ మాట పుచ్చుకున్నాక నా సవరణ కూడా వెనక్కి తీసుకున్నాను. ఒకే రోజు రెండు. అలవాటైపోతుందేమోనని భయంగా ఉంది. రెండో భాగం మాత్రం ముల్లులా ఉండిపోయింది. వెళ్ళిపోయినవాళ్ళకు నేనేం తేలేకపోయాను.

నడవాలో ట్విస్ ఎదురయ్యాడు. "సెనేటర్, మీరు వెనక్కి తీసుకున్నారు గానీ, మా ఇంట్లో మా ఆవిడ ఇంకా వాడుతోందండీ ఆ మాట," అన్నాడు. టీ తాగుదాం రమ్మన్నాను. వచ్చాడు.

బిల్లు పాసైంది. నువ్వు కుర్చీలోంచి లేవకపోబట్టి అది నీకు అందింది. నేను మాట్లాడినందుకు కాదు. ఇది సభలో ఒప్పుకోను, ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

డీలియా


కిల్‌ఫారన్
2 ఆగస్టు

అక్కా,

లిమరిక్ నుంచి రెండు లైన్లు వచ్చాయి: విచారణ ముగిసినది, ఉద్యోగిని విధుల్లో కొనసాగవచ్చును. కింద ప్రెండర్‌గాస్ట్ తన చేత్తో, 'మఠంవారు ఆవు కులాసా అడుగుతున్నారు' అని రాశాడు.

థేడీ శనివారం పట్టపగలు, సామానంతా బండిలో వేసుకుని, మెయిన్ వీధిగుండా వచ్చాడు. ఫాదర్ మొలోనీ మొదట మొహం గంటు పెట్టుకున్నాడు. నాలుగేళ్ళు తనను ఆడించామని. లివర్‌పూల్ ఫాదరు రాసిచ్చిన కాగితం చూపించాక మెత్తబడ్డాడు. ఇంట్లో ఇప్పుడు ఎటు చూసినా తారు వాసన, తాళ్ళు. నా కుర్చీలో ఆయన కూర్చుంటున్నాడు. ఇద్దరం రోజుకోసారి పోట్లాడుకుంటున్నాం. హాయిగా ఉంది.

నీమీద కోపం చాలావరకు పోయింది. కొంచెం ఉంచుకున్నాను, క్రిస్మస్‌కు నువ్వొచ్చినప్పుడు అవసరపడుతుందని.

అసలు విషయం ఇది. పదిరోజుల నుంచీ బోర్డుకు వేరే ఎక్స్‌ఛేంజిల నుంచి ఫోన్లు వస్తున్నాయి. లైను కలిపాక గొంతు తగ్గించి, "ఆ ఆదివారం టీ ఆవిడ మీరేనా?" అంటారు. నేనేనంటాను. "మాదీ అంతే," అంటారు. మేయోలో ఒకామె ఆరేళ్ళుగా మొగుణ్ణి పిన్ని కొడుకని చెప్పుకుంటోందట. ఇప్పటికి ఏడుగురు. మంత్రి మాట అందరికీ చదివి వినిపించాను. ఒకామె మళ్ళీ చదవమంది, చదివాను.

నిన్న ఇంకొకామె. పెద్దవయసు గొంతు. "నేను పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మానేశానమ్మా. మానిపించారు. శనివారం పెళ్ళి. సోమవారం నా కుర్చీలో నేను పని నేర్పిన పిల్ల. మా ఎక్స్‌ఛేంజిలో నా అంత చురుగ్గా ఎవరూ కలిపేవాళ్ళు కాదు. నాకేమైనా ఉందా, ఆ కాగితంలో?"

ఇప్పటికి లేదని చెప్పాల్సొచ్చింది. ఇరవై రెండేళ్ళలో నేను కలపలేకపోయిన లైను అదొక్కటే.

"పోనీలే," అందామె. "అడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారన్నాను. మా అక్కని.

శరదృతువులో సభ మొదలవగానే ఆ రెండో భాగం మళ్ళీ ఎత్తు. ఎత్తినప్పుడు 'పడమటి తీరాన ఒక స్త్రీ' అనకు. పేర్లు చెప్పు. నాది హొనోరా హోనన్, కిల్‌ఫారన్ ఎక్స్‌ఛేంజి. ఆవిడది బ్రైడీ కల్లిగన్, కాసిల్‌రే. చెప్పొచ్చా అని ఆవిడను అడిగాను. ఒక్కొక్క అక్షరం చెప్పి రాయించింది. ఎవరు నవ్వినా సరే, గట్టిగా చదవమంది.

నోనీ